వల గుళ్ళకు ఇంటి దగ్గర సీసం పోసేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో సముద్రపు వేట నిషేధం. బోట్లు ఒడ్డెక్కుతాయి, వలలు పెరట్లోకి వస్తాయి. చిరుగులు కుట్టుకోవడం, బెండ్లు మార్చుకోవడం, రాలిపోయిన గుళ్ళ (వల అంచు మునగడానికి తాడుకి ఎక్కించే సీసం గుండ్ల) చోట కొత్తవి ఎక్కించుకోవడం అంతా ఈ రెండు నెలల్లోనే. కాలవల్లో విసురు వల వేసేవాళ్ళూ, ఆదివారం సరదాకి గాలం వేసేవాళ్ళూ కూడా ఎండలు పోకముందే సీసం పని ముగించుకుందామని చూస్తారు. నేను గోదావరి వశిష్ఠ పాయ ఒడ్డున పుట్టినవాణ్ణి. చాలా ఏళ్ళుగా మా పెరట్లో గుళ్ళు పోస్తున్నాను. నన్ను పదేపదే అడిగే ప్రశ్నలకు జవాబులు ఒకచోట రాసి పెట్టాను.

అసలు పోసుకోవడం అవసరమా? కొనుక్కుంటే పోదా?

పది ఇరవై గుళ్ళు కావాలంటే కొనుక్కోండి. దానికోసం పొయ్యి, గిన్నె, అచ్చు, చేతి తొడుగులు అన్నీ సమకూర్చుకోవడం కోడిపిల్లకి ఏనుగు గంట కట్టినట్టు ఉంటుంది. కిలోల లెక్కన పాత సీసం ఉండి, వల మొత్తానికి గుళ్ళు మార్చాలంటేనే పోతకి కూర్చోండి.

మధ్యలో ఇంకో దారి ఉంది, దాన్ని ఎందుకో అందరూ మర్చిపోతారు. సీసం మెత్తటి లోహం. పల్చటి సీసం రేకు దొరికితే కత్తెరతో ముక్కలు కోసి, వల అంచు తాడుకి చుట్టి, చిన్న సుత్తితో నొక్కేస్తే గుండు తయారు. నిప్పు లేదు, పొగ లేదు. చేతులు కడుక్కోవడం మాత్రం అప్పుడూ తప్పదు.

మా తాత అరవయ్యేళ్ళు పోశాడు, ఏమీ కాలేదు. ఇదంతా అనవసరపు టెన్షన్ కాదా?

మా తాతా అంతే. చుట్ట నోట్లో పెట్టుకుని పోసేవాడు. ఏమీ కాలేదని మనం అనుకుంటున్నాం గానీ ఆయన రక్తం ఎవరూ పరీక్ష చేయించలేదు. ముసలితనంలో ఆ కడుపునొప్పి, మలబద్ధకం, చిన్నమాటకే చిరాకు, రక్తహీనత దేనివల్ల వచ్చాయో ఎవరికి తెలుసు? ఒంట్లోకి వెళ్ళిన సీసం కొన్ని వారాలు రక్తంలో తిరుగుతుంది, తరవాత ఎముకల్లో చేరి ఏళ్ళ తరబడి కూర్చుంటుంది. పాము కాటులా వెంటనే తెలిసేది కాదు. ఇంత సీసం వరకూ ఫరవాలేదు అనే హద్దేదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

అలాగని భయపడి పారిపోవాల్సిన పనీ కాదు. ఏది ప్రమాదమో సరిగ్గా తెలుసుకుంటే చాలు. మనవాళ్ళు చాలామంది పొగకి భయపడి, నీళ్ళనీ దుమ్మునీ వదిలేస్తారు. నా లెక్కలో ఆ వరస తిరగబడాలి: అప్పటికప్పుడు కాల్చేది నీళ్ళు, మెల్లగా తినేసేది దుమ్ము.

నీళ్ళంటే అంత భయమెందుకు? చుక్క పడితే చుయ్యిమని ఆవిరైపోతుంది కదా?

పైన పడిన చుక్క చాలాసార్లు అలాగే చిందులేసి ఎగిరిపోతుంది. అది చూసి ధైర్యం తెచ్చుకుంటారు. అసలు ప్రమాదం సీసం అడుగుకి చేరిన నీటితో. నీళ్ళు ఆవిరైతే సుమారు 1,700 రెట్లు వ్యాకోచిస్తాయి. చెంచాడు నీళ్ళు సీసం కింద చిక్కి ఒక్క క్షణంలో ఆవిరైతే పైనున్న సీసమంతా ఫిరంగి పేలినట్టు ఎగిరి మొహాన పడుతుంది.

డెల్టాలో ఉన్నవాళ్ళం ఇది మిగతావాళ్ళకంటే ఎక్కువ గుర్తుపెట్టుకోవాలి. మన దగ్గర పొడి అనేదే అరుదు. గట్టు తడి, గోడ తడి, వానాకాలంలో అగ్గిపుల్ల కూడా తడే. ఒకసారి మా బాబాయి పాత వలలోంచి కోసిన గుళ్ళు గుప్పెడు తీసుకొచ్చి, సగం కరిగిన గిన్నెలో వేసేశాడు. పైకి ఆరినట్టే ఉన్నాయి. తాడు దూరే చిల్లుల్లో మాత్రం ఏటి ఒండ్రు తడితడిగా ఉంది. టపామని శబ్దం వచ్చింది, సీసం చింది మోకాలి కింద నాలుగు చోట్ల అంటుకుంది. ప్యాంటు వేసుకున్నాడు కాబట్టి అంతటితో పోయింది. ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి.

ఆ రోజు నుంచి మా ఇంట్లో పద్ధతి మారింది. పాత గుళ్ళని ముందు కడిగి, చిల్లుల్లో మట్టి పుల్లతో పొడిచి తీసేసి, రెండు మూడు రోజులు ఎండబెడతాం. తరవాత అన్నింటినీ చల్లటి గిన్నెలో వేసి, అప్పుడు పొయ్యి వెలిగిస్తాం. గిన్నెతోపాటే వేడెక్కితే ఉన్న తడి కరగకముందే పోతుంది. మధ్యలో కలపాల్సి వస్తే ఆ ముక్కని ముందు పొయ్యి పక్కన బాగా వేడి చేసి, పటకారుతో మెల్లగా దించాలి. పైనుంచి విసరకూడదు. గరిటె కూడా అంతే, చల్లటి గరిటెకి కంటికి కనిపించని చెమ్మ ఉంటుంది. ముంచే ముందు మంట మీద చూపించండి. రెండు కొసలూ నొక్కేసిన సీసం గొట్టం ముక్కల్ని అలాగే వేయకండి, లోపల నీళ్ళుంటే బాంబే. కోసి విప్పి చూడాలి.

ఎప్పుడు, ఎక్కడ పోయాలి?

రోహిణి ఎండలకు రోళ్ళు పగులుతాయంటారు కదా, సీసానికి అంతకంటే మంచి ముహూర్తం లేదు. వేట ఎలాగూ ఉండదు. మృగశిర వచ్చి మబ్బు పట్టిందంటే సామాను సర్దేసి, మిగతా పని వచ్చే ఏడాదికి వాయిదా వేసుకోండి. ఒక్క గుండు కోసం వాన చినుకుల్లో కూర్చోవద్దు.

చోటు ఆరుబయటే. వంటింట్లో వద్దు, వరండాలో వద్దు, రేకుల షెడ్డులో వద్దు. మన ఊళ్ళలో మధ్యాహ్నం తిరిగాక సముద్రపు గాలి వస్తుంది. ఆ గాలి మీ వీపుకి తగిలేలా కూర్చుంటే పొగ అవతలికి పోతుంది. నుయ్యి, బోరు పంపు, కూరపాదులు, పశువుల కుడితి తొట్టి ఇవన్నీ దూరంగా ఉండాలి. కొబ్బరాకుల పందిరి కింద పొయ్యి పెట్టేవాళ్ళని కూడా చూశాను. వాళ్ళకి దండం పెట్టడం తప్ప ఏం చెప్తాం.

కింద సిమెంటు గచ్చు ఉంటే నేరుగా దాని మీద పోయకండి, ఒలికిన సీసం గచ్చులోని చెమ్మకి పెంకులు లేపుతుంది. పెద్ద రేకు ట్రేలో ఎండిన ఇసుక పరిచి, పొయ్యి, అచ్చు రెండూ అందులోనే పెట్టుకోండి. ఒలికినా ఇసుకలోనే గడ్డకడుతుంది, ఏరుకోవచ్చు.

ఏ పొయ్యి, ఏ గిన్నె?

సింగిల్ బర్నర్ గ్యాస్ పొయ్యి మేలు, మంట మన చేతిలో ఉంటుంది. కట్టెల పొయ్యి మీద కూడా కరుగుతుంది గానీ వేడి అదుపు తప్పుతుంది, కట్టె జరిగితే గిన్నె ఒరుగుతుంది. ఏది వాడినా గిన్నె కదలకుండా, వెడల్పు అడుగుతో కూర్చోవాలి. అందులో మూడో వంతుకో సగానికో మించి సీసం వేయకండి.

గిన్నె ఇనుముది గానీ స్టీలుది గానీ కావాలి, మందంగా ఉండాలి. వెల్డింగ్ షాపులో లావు ఇనుప గొట్టం ముక్కకి అడుగు అతికించి, పొడవాటి పిడి పెట్టించుకుంటే జీవితకాలం వస్తుంది. అల్యూమినియం దబరాలు వద్దు. అల్యూమినియం 660 డిగ్రీలకు గానీ కరగదు నిజమే, కానీ సీసం కరిగే వేడికే మెత్తబడి, సీసం బరువుకి అడుగు దిగిపోతుంది. జింకు పూత వేసిన బకెట్లూ రేకులూ వేడెక్కితే జింకు పొగ వస్తుంది, అది పీలిస్తే ఆ రాత్రే చలిజ్వరం పట్టుకుంటుంది.

థర్మామీటర్ లేకుండా వేడి ఎలా తెలుస్తుంది?

సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. పోతకి 350 నుంచి 400 చాలు. 500 దగ్గరపడే కొద్దీ సీసం ఆవిరి లెక్కలోకి వచ్చేంతగా లేస్తుంది. పొగ భయం ఉన్నవాళ్ళు చేయాల్సింది అన్నింటికంటే ముందు మంట తగ్గించడం.

లోహాల వేడి చూసే థర్మామీటర్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, కొనడమే మంచిది. లేనప్పుడు పాతవాళ్ళ గుర్తులు ఉన్నాయి. న్యూస్‌పేపర్ ముక్క మెలిపెట్టి సీసంలో ముంచితే గోధుమరంగుకి తిరగాలి. భగ్గున అంటుకుంటే వేడి ఎక్కువైంది. తెట్టు తీసిన వెంటనే పైన పసుపు, ఊదా, నీలం రంగుల పొర కమ్ముకుంటున్నా అదే అర్థం. గిన్నె అడుగు ఎర్రగా కనబడిందంటే 500 ఎప్పుడో దాటిపోయింది. పొయ్యి ఆపి దూరంగా జరగండి.

ఎలాంటి సీసం మంచిది?

పాత వల గుళ్ళు, పాత ఇళ్ళలో తీసేసిన సీసం గొట్టాలు, రేకు ముక్కలు. ఇనుప సామాను కొట్లో కారు చక్రాలకి బ్యాలెన్స్ కోసం కొట్టే బిళ్ళలు కూడా దొరుకుతాయి. వాటిలో ఇప్పుడు జింకువీ ఇనుమువీ కలిసి వస్తున్నాయి. జింకు 419 డిగ్రీలకు గానీ కరగదు, తేలిక కూడా. వేడి తక్కువగా ఉంచితే పైన తేలుతుంది, ఏరి పారేయొచ్చు. అదీ కలిసి కరిగిందంటే సీసం జావలాగా అయి అచ్చులోకి దిగదు.

పాత బ్యాటరీ పగలగొడితే బోలెడు సీసం వస్తుందంటారు?

వద్దు. ఈ ఒక్కదానికి "జాగ్రత్తగా చేస్తే ఫరవాలేదు" అనే మాట లేదు. బ్యాటరీలో గంధకామ్లం ఉంటుంది. పలకల మీద ఉండేది గట్టి సీసం కాదు, సీసం సమ్మేళనాల ముద్ద. ఎండితే పొడై ఎగురుతుంది. పలకల్లో ఆంటిమొనీ, ఒక్కోసారి ఆర్సెనిక్ కలిసి ఉంటాయి, వాటివల్ల పుట్టే వాయువులు ప్రాణం తీయగలవు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం కూడా పాత బ్యాటరీని విడిగా ఉంచి, సేకరించేవాళ్ళకో రీసైకిల్ చేసేవాళ్ళకో ఇవ్వాలి. కొత్తది కొనేటప్పుడు షాపులో పాతది ఇచ్చేస్తే ధర తగ్గిస్తారు. ఆ డబ్బుతో గుళ్ళే కొనుక్కోవచ్చు.

అచ్చు దేనితో చేసుకోవాలి? బంకమట్టి పనికొస్తుందా?

పనికొస్తుంది. కుమ్మరి ఆవంలో కాలిస్తేనే. ఎండబెట్టినంత మాత్రాన మట్టిలో నీళ్ళు పోవు, మన గాలిలో తేమకి రాత్రికి రాత్రే మళ్ళీ పీలుస్తుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ది ఇంకా మోసం. గట్టిపడి తెల్లగా, పొడిగా కనిపిస్తుంది గానీ నీళ్ళు దాని ఒంట్లోనే ఉంటాయి. మొదటి పోతకే బుడగలు కక్కుతుంది. నేను రెండూ చేసి, విసిగి, చివరికి అల్యూమినియం అచ్చు చేయించుకున్నాను. ఇక్కడ అల్యూమినియం వాడొచ్చా అంటే వాడొచ్చు, అది నిప్పు మీద ఉండదు, సీసం పోసిన క్షణాల్లో గడ్డకడుతుంది.

బరువు ముందే లెక్క వేసుకోవాలంటే అచ్చు గుంటలో సిరంజితో ఎన్ని మిల్లీలీటర్ల నీళ్ళు పట్టాయో చూడండి. ఒక్కో మిల్లీలీటరుకి 11.3 గ్రాముల సీసం. 100 గ్రాముల గుండుకి 9 మిల్లీలీటర్ల కంటే కాస్త తక్కువ గుంట. ఈ కొలత పోత రోజు కాదు, వారం ముందు తీసుకోండి. ఎందుకో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

పోసే ముందు అచ్చుని పొయ్యి సెగకి పెట్టి బాగా వేడెక్కించాలి. తడి పోతుంది, సీసం కూడా చక్కగా పారుతుంది. గుంటలకి కొవ్వొత్తి మసి పట్టిస్తే గుండు అంటుకోకుండా ఊడొస్తుంది. తాడు చిల్లుకి పెట్టే ఇనుప ఊచకి కూడా ఆ మసే.

గుండు సగమే నిండుతోంది, పైన ముడతలు పడుతున్నాయి.

అచ్చు చల్లగా ఉంది. మొదటి నాలుగైదు గుళ్ళు అలాగే వస్తాయి, మళ్ళీ గిన్నెలో వేసేయండి. ఆగి ఆగి పోసినా అంతే, ఒక్క ధారగా పోయాలి. గుండు మీద బూడిదరంగు గరుకు కనబడితే మాత్రం వేడి ఎక్కువైనట్టు.

పైన తేలే తెట్టుని ఏం చేయాలి?

బఠాణీ గింజంత కొవ్వొత్తి ముక్క వేసి కలిపితే తెట్టులో చిక్కుకున్న సీసం కొంత కిందికి దిగుతుంది. మైనం పొగకి మంట అంటుకోవచ్చు, మొహం దూరంగా పెట్టండి. మిగిలిన బూడిద పొడిని చిల్లుల గరిటెతో నెమ్మదిగా తీసి మూత ఉన్న రేకు డబ్బాలో వేయండి. ఈ పనిలో అన్నింటికంటే విషం ఆ పొడే. గాలికి లేస్తుంది, చేతికంటుతుంది, లోపలికి పోతే ఒంటికి పడుతుంది.

దాన్ని కాలవలో పోయొద్దు, చెరువు గట్టు మీద వద్దు, పెంటకుప్పలో అసలే వద్దు. పెంటకుప్ప ఎరువై చేలోకి పోతుంది. డబ్బా నిండాక సీసం కొనే స్క్రాప్ షాపుకి ఇచ్చేయండి. పోసిన చోటుని చీపురుతో ఊడవకండి, దుమ్ము లేస్తుంది. తడిగుడ్డతో తుడవండి. పొయ్యి, గిన్నె చల్లారాకే సుమా, అంతవరకూ తడిగుడ్డ ఆ చుట్టుపక్కల ఉండకూడదు.

కోళ్ళు తిరుగుతుంటాయి, ఇబ్బందా?

ఇబ్బందే. పక్షులు మేత అరగడానికి గులకరాళ్ళు మింగుతాయి, సీసం చుక్కల్ని కూడా రాళ్ళే అనుకుంటాయి. కోత అయిన చేలల్లో బాతుల మందలు మేపేవాళ్ళు మీ పక్కనే ఉంటే ఇంకా జాగ్రత్త. ఇంగ్లండ్‌లో గాలం వేసేవాళ్ళు వదిలేసిన చిన్న గుళ్ళు మింగి హంసలు చచ్చిపోతున్నాయని 1987లో 28 గ్రాముల లోపు సీసం గుళ్ళని దాదాపు అన్నింటినీ అమ్మకుండా ఆపేశారు.

మాస్కు పెట్టుకుంటే సరిపోతుందా? ఏం వేసుకోవాలి?

తువ్వాలు, సర్జికల్ మాస్కు సీసం పొడిని ఆపవు. మొహానికి బిగుతుగా పట్టే రెస్పిరేటర్, పీ100 రకం ఫిల్టర్‌తో ఉన్నది కావాలి. గడ్డం ఉంటే అదీ సరిగ్గా అతకదు.

కళ్ళకి మాత్రం రాజీ లేదు. కళ్ళద్దాల మీద మొహం మొత్తం కప్పే షీల్డ్ పెట్టుకోండి. పొడుగు చేతుల నూలు చొక్కా, మందపాటి నూలు ప్యాంటు, తోలు బూట్లు, తోలు చేతి తొడుగులు. ప్యాంటు అంచు బూట్ల మీదికి రావాలి, బూట్లలోకి దోపితే పడిన సీసం లోపలికే జారుతుంది. నైలాన్, పాలిస్టర్ బట్టలు కరిగి ఒంటికి అంటుకుంటాయి. లుంగీ, హవాయి చెప్పులతో కూర్చునేవాళ్ళకి నేను సీసం అప్పు కూడా ఇవ్వను.

పని అయ్యాక ఆ బట్టలతో మంచమ్మీద కూర్చోకుండా, పిల్లల్ని ఎత్తుకోకుండా నేరుగా స్నానానికి వెళ్ళండి. బట్టలు విడిగా ఉతకాలి.

బీడీ, కిళ్ళీ, టీ?

చేతులు సబ్బుతో కడుక్కునేదాకా ఏదీ నోటికి పోకూడదు. సీసం చాలావరకు చేతి నుంచి నోటికే వెళ్తుంది. ఇక్కడ పోతతో సంబంధం లేని ఒక మాట చెప్పాలి. వల కుట్టేటప్పుడు గుళ్ళు బుగ్గన పెట్టుకోవడం, గాలం దారానికి చిన్న గుండుని పంటితో నొక్కడం మన దగ్గర అందరికీ అలవాటు. ఏడాదికి ఒకరోజు పోసే పోతకంటే రోజూ చేసే ఆ పనే ఎక్కువ చెరుపు చేయొచ్చు. పట్టకారు జేబులో పెట్టుకోండి.

పిల్లలు చూస్తామంటున్నారు. మా కోడలు కడుపుతో ఉంది.

ఇద్దరూ ఆ రోజు ఆ పెరట్లో ఉండకూడదు. మింగిన సీసంలో పెద్దవాళ్ళ ఒంటికి పట్టేదానికంటే నాలుగైదు రెట్లు పిల్లల ఒంటికి పడుతుంది, ఎదిగే మెదడుని దెబ్బతీస్తుంది. గర్భిణిలో అది మాయ దాటి బిడ్డకి చేరుతుంది. అమ్మ ఎముకల్లో ఎప్పటిదో దాగి ఉన్న సీసం కూడా ఆ నెలల్లోనే రక్తంలోకి దిగుతుంది. ఇంట్లో ఈ ఇద్దరిలో ఎవరైనా ఉంటే గుళ్ళు కొనుక్కోమనే నా సలహా.

బెల్లం తింటే, పాలు తాగితే విరుగుడు అంటారు, నిజమేనా?

కాదు. పాలల్లో కాల్షియం, ఆకుకూరల్లో ఇనుము ఒంటికి మంచివే. అవి తక్కువైన ఒళ్ళు సీసాన్ని ఎక్కువ పీల్చుకుంటుంది కాబట్టి తిండి బాగుండాలి. అంతవరకే. లోపలికి వెళ్ళినదాన్ని బెల్లం బయటికి లాగదు.

ఏటా పోసేవాళ్ళు రక్తంలో సీసం ఎంతుందో పరీక్ష చేయించుకోవడం మంచిది. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకు మించి ఉంటే ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మందు అవసరమా కాదా అన్నది డాక్టరు తేల్చాలి.

కాలితే మొదట ఏం చేయాలి?

కనీసం 20 నిమిషాలు పారే చల్లటి నీళ్ళ కింద పెట్టండి. అందుకే నీళ్ళ బకెట్టు పొయ్యికి పది అడుగుల అవతల ఉండాలి, దగ్గర వద్దు. చర్మానికి అంటుకున్న సీసాన్ని లాగొద్దు, చర్మంతో సహా ఊడొస్తుంది. టూత్‌పేస్టు, పసుపు, సిరా ఏమీ రాయకండి. కంట్లో పడినా, మొహం కాలినా నీళ్ళు పోస్తూనే ఆసుపత్రికి బయల్దేరండి.

సీసం బదులు ఇనుము పెడితే వల మునగదంటారు?

లెక్క చూద్దాం. కిలో సీసం నీళ్ళలో సుమారు 912 గ్రాములు తూగుతుంది. కిలో ఇనుము 873. తేడా నలభై గ్రాములే! కాల్చిన మట్టి గుళ్ళయితే సగానికి సగం పోతుంది. ఇనుముతో అసలు ఇబ్బందులు వేరు: అదే బరువుకి గుండు దాదాపు ఒకటిన్నర రెట్లు పెద్దదవుతుంది, ఉప్పునీటి పాయల్లో తుప్పు పట్టి దారాన్ని కొరుకుతుంది. మంచినీటి కాలవలో విసురు వలకి ఇనుప గొలుసు ముక్కలు కట్టి చూశాను, బాగానే పడింది. ఏటిమొగ దగ్గర మాత్రం రెండు సీజన్లకే మార్చాల్సి వచ్చింది.

సీసం కరిగించిన గిన్నెని తోమి మళ్ళీ వాడుకోవచ్చా?

వంటకి ఎప్పటికీ కుదరదు. ఎంత తోమినా కుదరదు. గరిటె కూడా అంతే. మా ఇంట్లో ఒకసారి మా అత్తయ్య ఆ గిన్నె శుభ్రంగా ఉందని వంటింట్లోకి తీసుకుపోయింది. అప్పటినుంచి దాని అంచు కింద రెండు చిల్లులు వేయించాను. సగానికి మించి సీసం పోయం కాబట్టి మనకి ఆ చిల్లులు అడ్డం రావు. అందులో పాలు కాద్దామనుకునేవాళ్ళకి మాత్రం అడ్డమే.